గేర్‌బాక్సు వేరు కుంపటి

గేర్‌బాక్సులూ డిఫరెన్షియళ్లూ తమకు ఏ నూనె కావాలో తామే స్వయంగా ఆఫీసుకు వచ్చి నోటితో చెప్పాలన్న నిబంధన అన్ని పట్టణాల్లో లాగే తెనాలిలోనూ ఆ ఎండాకాలం అమల్లోకి వచ్చింది. జనం పెద్దగా ఆశ్చర్యపోలేదు. తాము బతికే ఉన్నామని పింఛనుదార్లు ఏటా స్వయంగా వెళ్లి చెప్పుకొస్తూనే ఉన్నారు కాబట్టి, ఇనుము వెళ్లి మాట్లాడటంలో వింతేమీ కనపడలేదు.

మెకానిక్ కోటిలింగానికి ఒక ఎర్ర కారు ఉంది. రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. పొగాకు కంపెనీ దొర ఒకాయన అరవై ఏళ్ల కిందట ఓడెక్కుతూ దాన్ని గోడౌన్లో వదిలేసి పోయాడు. తర్వాత అందులో కోళ్లు కాపురం పెట్టాయి. కోటిలింగం లారీల రిపేర్లు చేసుకుంటూ, మిగిలిన పొద్దంతా పెట్టి పదకొండేళ్లలో ఆ కారును మళ్లీ కారుగా నిలబెట్టాడు. మొదటిసారి హారన్ కొట్టినప్పుడు శబ్దంతో పాటు ఒక పుంజు కూడా బయటికి వచ్చిందని అతను చెబుతాడు. పుంజు విషయం రికార్డుల్లో లేదు.

ఇక మిగిలింది నూనె ఒక్కటే. శనివారం సాయంత్రం ఐదు లోపు నూనె ఖరారు కాని పాత బళ్లను తుక్కు లారీ ఎక్కించాలని ఉత్తర్వు. శనివారం పొద్దున్నే కోటిలింగం కారును కందెన కార్యాలయం ఆవరణలోకి తోయించి, గేర్‌బాక్సునూ డిఫరెన్షియల్‌నూ విప్పి, లోపలికి మోయించి, కింద పాత పేపర్లు పరిచి రెండు కుర్చీల్లో కూర్చోబెట్టాడు. టోకెన్లు పదిహేడు, పద్దెనిమిది. తుక్కు లారీ గేటు బయటే ఆగి ఉంది. దాని డ్రైవరు కానుగ చెట్టు కింద తలగుడ్డ పరుచుకుని పడుకున్నాడు.

గుమాస్తా ఇందుమతి గారు ఫారం తీసి, ముందు పెద్దాయన్ని అడిగింది. వెనక చక్రాల మధ్య ఉండి రెంటినీ తిప్పే డిఫరెన్షియల్ పెద్దాయన.

"నాకు ఐదో నంబరు నూనెమ్మా. గంధకం ఘాటు లేకపోతే నా పళ్లు ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి," అన్నాడు డిఫరెన్షియల్.

"నాకు నాలుగో నంబరండి," అన్నాడు గేర్‌బాక్సు. "నా ఒంట్లో ఇత్తడి రింగులున్నాయి. గంధకం తగిలితే అవి కరిగిపోతాయి. ఇక గేరు మార్చినప్పుడల్లా నడిబజార్లో అరుస్తాను. సిగ్గుచేటు."

ఇందుమతి గారు కళ్లజోడు పైకి జరుపుకుంది. "ఫారంలో గడి ఒకటే ఉంది. ఒక బండికి ఒక నూనె. అయినా ఐదు ఇస్తామంటుంటే నాలుగు చాలనేవాళ్లని ఇక్కడే చూస్తన్నా. ఐదులో నాలుగు ఉండదా ఏంది?"

"నంబరు పెద్దదైతే నూనె గొప్పదని కాదమ్మా," అన్నాడు కోటిలింగం. "చంటిబిడ్డకి పాలు పట్టమంటే ఘాటు ఎక్కువని ఆవకాయ పెడతామా."

"ఇత్తడి సంగతి ఫారంలో అడగలేదయ్యా," అంది ఇందుమతి గారు.

డిఫరెన్షియల్ కుర్చీలో కొంచెం ముందుకు ఒరిగాడు. కుర్చీ కిర్రుమంది. "నాలుగే రాసుకోమ్మా. నా పళ్లు పోతే పోయినయ్. తమ్ముడు బాగుంటే చాలు."

"వద్దన్నయ్యా. ఐదు రాయించు. నేను రెండు నెలలు తిరిగినా తిరిగినట్టే," అన్నాడు గేర్‌బాక్సు.

ఒకడు బతకాలంటే ఇంకొకడు పోవాలి, ఇద్దరూ బతకాలంటే బండే తుక్కు. పదకొండేళ్లుగా తన చేతుల్తో తుడిచిన ఆ ఇద్దర్నీ కోటిలింగం మళ్లీ ఒకసారి గుడ్డతో తుడిచాడు. ఇందుమతి గారికి కూడా ఇల్లూ వాకిలీ ఉన్నాయి. పెన్ను పక్కన పెట్టి గొంతు తగ్గించింది.

"వేరు కుంపటి ధ్రువపత్రం తెచ్చుకో కోటిలింగం. ఇద్దరూ ఉమ్మడిలో లేరని తేలితే ఇద్దరికీ చెరో ఫారం ఇస్తాను. ఇన్‌స్పెక్టరు గారు వరండాలోనే ఉన్నారు."

కోటిలింగానికి ప్రాణం లేచి వచ్చింది. వేరు కుంపటి అతనికి తెలియని విషయం కాదు. అతనూ భార్య శేషారత్నమూ తొమ్మిదేళ్ల కిందట రెండో రేషన్ కార్డు కోసం కాయితాల మీద విడిపోయారు. ఒకే వంటింట్లో రెండు పొయ్యిలు, రెండు ఉప్పు జాడీలు. ఏటా తనిఖీ. ఆ రెండో కార్డు దేనికోసం తీసుకున్నారో ఇద్దరికీ ఇప్పుడు సరిగ్గా గుర్తులేదు.

ఇన్‌స్పెక్టరు ప్రభుదాసు గారు ఇరవై ఏళ్లు ఇళ్ల పొయ్యిల మీద చెయ్యి పెట్టి, ఏ పొయ్యి వెలిగిందో ఏది వెలగలేదో తేల్చిన మనిషి. ఆ అనుభవం చూసే ప్రభుత్వం ఆయనకు బళ్లు కూడా అప్పగించింది. ఆయన అన్నదమ్ములిద్దర్నీ మునివేళ్లతో తట్టి, బిరడాలు విప్పి వాసన చూశాడు.

"నూనె పోసే బెజ్జం ఎవరిది వారికే ఉంది. దించే బెజ్జం కూడా వేరే. వీధి గుమ్మం, పెరటి గుమ్మం వేరన్నమాట. మరి కారు కింద ఇద్దరి మధ్యా ఉండే ఆ పొడుగాటి షాఫ్టు ఏందయ్యా?"

"దారండి. పెద్దల నాటి ఉమ్మడి దారి," అన్నాడు కోటిలింగం.

"తిరుగుద్దిగా."

"మలుపుల దారండి."

ప్రభుదాసు గారు 'ఉమ్మడి దారి, అభ్యంతరం లేదు' అని రాసుకున్నాడు. ఇక చివరి అంశం మిగిలింది. అరగంట సేపు దరఖాస్తుదారుల మధ్య కూర్చుని వాళ్ల నడవడిక చూడాలి. ఆయన కూర్చున్నాడు. ఇరవై నిమిషాలు సజావుగా గడిచాయి. ఇరవై ఒకటో నిమిషంలో డిఫరెన్షియల్ మెల్లగా అన్నాడు:

"పొద్దున్నుంచీ పొడిగా ఉన్నావు. ఏమన్నా తిన్నావా తమ్ముడూ?"

ఇన్‌స్పెక్టరు గారు పెన్నుకు టోపీ పెట్టాడు. "తిన్నావా అని అడిగేవాళ్లకి వేరు కుంపటి ఎట్లా ఇస్తానయ్యా. మూడింటికి మళ్లీ చూస్తా. అదే ఆఖరు."

కోటిలింగం ఇద్దర్నీ చెట్టు కిందకి మోయించి తిట్లు నేర్పటం మొదలుపెట్టాడు. గేర్‌బాక్సు బుద్ధిగా విని, అన్నని "ఒరే గుండూ" అన్నాడు. అనగానే ఇద్దరికీ నవ్వొచ్చింది. తుక్కు లారీ డ్రైవరు లేచి, తనకొచ్చిన తిట్లన్నీ వరసగా అప్పజెప్పాడు. వాటిలో రెండు మూడు కోటిలింగానికి కూడా కొత్త. అన్నదమ్ముల నోట మాత్రం ఒక్కటీ నిలవలేదు.

రెండున్నరకి శేషారత్నం క్యారేజీతో వచ్చింది. ఒక్కరి క్యారేజీ. కాయితాల ప్రకారం అతని అన్నం అతనే తెచ్చుకోవాలి. చెట్టు కింద జరుగుతున్నది కాసేపు చూసింది.

"ఏవయ్యా, తిట్లు ఎందుకు నేర్పుతున్నావు? తిట్టుకునేవాళ్లు ఇంకా కలిసున్నట్టే లెక్క. ఆ ఇన్‌స్పెక్టరుకి అది తెలుసు."

"మరి ఏం చెయ్యమంటావు రత్నం?"

ఆమె క్యారేజీ అతని చేతిలో పెట్టింది. అన్నదమ్ముల ముందు గొంతుకూర్చుంది. "నాయనా, చేసేదేం లేదు. అడగటం మానెయ్యటమే. అడగాలనిపించినప్పుడు గోడకేసి చూడండి. గోడ లేకపోతే ఉందనుకోండి. మొదటి ఏడాది కష్టంగా ఉంటది. తర్వాత అదే అలవాటవుద్ది."

మూడింటికి ప్రభుదాసు గారు మళ్లీ కూర్చున్నాడు. పదో నిమిషంలో గేర్‌బాక్సు పొడి దగ్గు దగ్గాడు. డిఫరెన్షియల్ లోపల ఏదో ఒక పన్ను కదిలినట్టు టిక్కుమంది. పెద్దాయన గోడకేసి తిరిగాడు. అక్కడ నిజంగానే గోడ ఉంది. ఇరవయ్యో నిమిషంలో మళ్లీ దగ్గు. పెద్దాయన గోడ మీద వేసిన కుటుంబ సంక్షేమం ప్రకటనను అక్షరం అక్షరం చదువుకున్నాడు. అరగంట నిండింది. ఇన్‌స్పెక్టరు గారు ఇంకో పది నిమిషాలు తన తృప్తి కోసం కూర్చుని, 'అడిగే అలవాటు లేదు' అని రాసి సంతకం పెట్టాడు.

ముద్రలు ఠపీ ఠపీమని పడ్డాయి. పద్దెనిమిదో టోకెనుకి ఐదో నంబరు, పదిహేడుకి నాలుగో నంబరు. కోటిలింగం కారు కిందకి దూరి నలభై నిమిషాల్లో ఇద్దర్నీ బిగించి, ఎవరి నూనె వాళ్లకి పట్టించాడు. పాతిక నిమిషాలే పట్టిందని లారీ డ్రైవరు తర్వాత ఊరంతా చెప్పాడు. ఐదుకి ఇంకా నాలుగు నిమిషాలుండగా ఎర్ర కారు గొంతు సవరించుకుంది.

కోటిలింగం మొదటి గేరు వేశాడు. వెన్నలో వేలు దిగినట్టు దిగింది. రెండు, మూడు. ఎక్కడా కిక్కురుమనలేదు. తుక్కు లారీ డ్రైవరు తన లారీని తనే వెనక్కి తీసి దారిచ్చి, తలగుడ్డ తీసి ఊపాడు. గంగానమ్మపేట దాటేసరికి వెనక ముప్పై సైకిళ్లు, ఒక పాల వ్యాను. ఇందుమతి గారు వరండాలోకి వచ్చి కళ్లజోడు తుడుచుకుంది. మిద్దెల మీద జనం చప్పట్లు కొట్టారు. కాలవ కట్ట మీద కారు ఎంత వేగంగా పోయిందంటే, దాని నీడ వంతెన దగ్గర వెనకబడి తర్వాత వచ్చి కలిసిందని చూసినవాళ్లు ముగ్గురున్నారు. పక్క సీట్లో శేషారత్నం కొంగు చెవుల చుట్టూ బిగించుకుని, తొమ్మిదేళ్లలో మొదటిసారి పళ్లు కనపడేలా నవ్వింది.

"బాగా పోతంది," అన్నాడు కోటిలింగం.

"పోతంది," అంది ఆమె.

ఆమె మధ్యాహ్నం నుంచీ ఎండలోనే ఉందని అతనికి అప్పుడు గుర్తొచ్చింది. ఏమన్నా తిన్నావా అని అడుగుదామని నోరు తెరిచాడు. మాట నాలుక దాకా వచ్చి అక్కడ ఆగింది. ఎటు తిరగాలో అతని మెడకు తెలుసు. కుడివైపు తిరిగి కాలవ కేసి చూశాడు. ఆమె అప్పటికే ఎడమవైపు పొలాల కేసి చూస్తోంది. కింద అన్నదమ్ములిద్దరూ నిండు కడుపులతో, ఒక్క మాట లేకుండా, చక్కగా తిరుగుతున్నారు.

మరుసటి ఏడాది వేరు కుంపటి రెన్యువల్‌కి మొగుడూ పెళ్లాం, అన్నదమ్ములూ నలుగురూ ఒకే వరసలో నిలబడ్డారు. ఇన్‌స్పెక్టరు గారు ఈసారి కుర్చీ కూడా వేయించుకోలేదు. దూరం నుంచి ఒక్కసారి చూసి, నాలుగు కాయితాల మీదా సంతకం పెట్టి, వరసలో ఉన్న మిగతావాళ్లకి వీళ్లని చూపించి నేర్చుకోమన్నాడు.