పడి లేచినవారికి పది సీట్లు

మార్కులు మనిషిని కొలవలేవన్న సంగతిని సెనేటర్ వెండెల్ ప్రాథర్ గారు ఒక మంగళవారం ఉదయం పదిన్నరకు కనిపెట్టారు. రాష్ట్ర శాసనసభ మెట్ల మీద, నాలుగు కెమెరాల ముందు ఆయన కనిపెడుతూ ఉండగా చూసే భాగ్యం విలేకరులకు దక్కింది. అంతకుముందు పద్నాలుగేళ్ళుగా ఆయనే విద్యా సంఘానికి అధ్యక్షులు. అయినా గొప్ప సత్యాలు తొందరపడి బయటికి రావు కదా.

"డాక్టరుకి కావాల్సింది మార్కులా? కాదు! గుండె!" అని ఆయన ఛాతీ మీద చెయ్యి వేసుకున్నారు. చెయ్యి కుడివైపు పడింది. పక్కనే ఉన్న కార్యదర్శి కిప్ చిన్నగా దగ్గి, దాన్ని ఎడమవైపుకి జరిపాడు.

ఆయన వెనక, కెమెరాలో పడేంత దగ్గరగా, ట్రీనా కుబిచెక్ అంబులెన్సు యూనిఫాంలో నిలబడి ఉంది. ఉతికిన యూనిఫాం వద్దు, వాడినది వేసుకు రమ్మని కిప్ ముందే ఫోన్ చేసి చెప్పాడు.

ట్రీనాది డన్‌మోర్ కౌంటీ. అక్కడున్న ఒక్కగానొక్క డాక్టరు క్లినిక్ మూసేసి, అదే గదిలో చేపల ఎరలు అమ్ముకుంటున్నాడు. అన్నిటికంటే దగ్గరున్న ఆస్పత్రికి డెబ్భై నాలుగు మైళ్ళు. ఆరేళ్ళుగా ఆ డెబ్భై నాలుగు మైళ్ళూ రోగుల పక్కన కూర్చుని వెళుతున్న ట్రీనాకి ఒకటే కోరిక. డాక్టరు చదివి ఆ ఎరల కొట్టును మళ్ళీ క్లినిక్ చెయ్యాలని.

అడ్డం వచ్చింది జీపీఏ, అంటే డిగ్రీ మార్కుల సగటు. డిగ్రీ నాలుగేళ్ళూ ఆమె ఒక వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళకి స్నానాలు చేయించి, తిండి తినిపించి, పొద్దున్నే కెమిస్ట్రీ క్లాసులో కళ్ళు తెరుచుకుని నిద్రపోయేది. నాలుగుకి రెండు పాయింట్ ఏడు వచ్చింది. తరవాత రాసిన మెడికల్ ప్రవేశ పరీక్షలో నూటికి తొంభై ఐదుగురి కంటే పైనే నిలిచింది కానీ, ఆ మార్కులు చూడాలంటే ముందు ఎవరైనా దరఖాస్తు తెరవాలి. వెస్ట్ ప్లెయిన్స్ మెడికల్ కాలేజీ కంప్యూటరు మూడు పాయింట్లకి తక్కువున్న ఏ దరఖాస్తునూ మనిషి కంట పడనివ్వదు. మూడోసారి పెట్టినప్పుడు తిరస్కారం పదకొండు నిమిషాల్లో వచ్చింది.

"పదకొండు నిమిషాలే? మన బండి కన్నా జోరుగా ఉందే!" అన్నాడు అంబులెన్సు నడిపే డ్వేన్. అతను ట్రీనా తండ్రి ఈడువాడు. ఆమెకి బాబాయి వరస.

"నవ్వకు బాబాయ్. ఏడుపొస్తోంది."

"ఏడిస్తే ఏడువు గానీ, మళ్ళీ పెట్టు. వచ్చే నెల సెనేటర్ పాన్‌కేకుల విందుకి వస్తున్నాడట. ఆయన చెవిన వెయ్యి."

ఎన్నికల ఏడాది కనక సెనేటర్ గారు వచ్చారు. ఫైర్ స్టేషన్లో పొడుగు బల్ల ముందు కూర్చుని మూడో పాన్‌కేకు మీద ఉండగా ట్రీనా తన సంగతి చెప్పింది. దరఖాస్తుకి జతచేసే ఒకటిన్నర పేజీల వ్యాసం కూడా చేతికిచ్చింది. అందులో వాళ్ళ మామ్మ వెర్లా ఉంది. పక్షవాతం వచ్చిన మామ్మని ట్రీనాయే అంబులెన్సులో తీసుకువెళుతోంది. "ఇంకెంత దూరమే?" అని మామ్మ అడిగింది. "పది మైళ్ళే మామ్మా" అంది ట్రీనా. మామ్మ కిటికీలోంచి ధాన్యం గోదాము చూసి, "అబద్ధాలాడకే పిచ్చిదానా, ఈ దారి నీకంటే ముందు నాకు తెలుసు" అంది. ఆస్పత్రి ఇంకా నలభై ఒక్క మైళ్ళుంది. మామ్మ అక్కడే పోయింది.

సెనేటర్ గారి కళ్ళు చెమర్చాయి. కాగితాల మీద పాకం పడకుండా కిప్ అందుకుని జేబులో పెట్టుకున్నాడు. మరుసటి మంగళవారమే పైన చెప్పిన సత్యం బయటపడింది.

చట్టం పేరు 'పడి లేచినవారి చట్టం'. మూడు పాయింట్లకి తక్కువున్నవాళ్ళకి మెడికల్ కాలేజీలో పది సీట్లు. సెనేటర్ గారు సభలో ట్రీనా వ్యాసం మొత్తం చదివారు. చనిపోతున్న ముసలమ్మకి వ్యతిరేకంగా ఓటెయ్యడానికి ప్రతిపక్షానికి కూడా ధైర్యం చాలలేదు. ఆ తరవాత ప్రజల సౌకర్యార్థం కిప్ ఆ వ్యాసాన్ని సెనేటర్ గారి వెబ్‌సైటులో పెట్టాడు. దాని పైన 'మీ కథ ఎలా చెప్పాలి: నమూనా' అని రాశాడు. పేరు మాత్రం, వ్యక్తిగత గోప్యతను గౌరవించి, తీసేశాడు.

"నీ కథ ఇక నీ ఒక్కదానిది కాదమ్మా, రాష్ట్రం మొత్తానిది!" అని ఫోన్ చేసి చెప్పాడు.

ట్రీనా పొంగిపోయింది. వెర్లా మామ్మ చేసే తీరులోనే ప్లం పండ్లు పెట్టిన కొలాచీ రొట్టెలు రెండు ట్రేలు కాల్చి సెనేటర్ గారి ఆఫీసుకి పంపింది. అమాయకత్వానికి జీపీఏ ఉంటే ఆమెకి నాలుగుకి నాలుగూ వచ్చి ఉండేవి.

దరఖాస్తులు జూన్‌లో తెరుచుకున్నాయి. ముందొచ్చినవి ముందు చూస్తారు. ట్రీనా మాత్రం జూన్, జూలై నెలల్లో చట్టం ప్రచారానికి సెనేటర్ గారి వెంట పద్దెనిమిది కౌంటీలు తిరిగి, పద్దెనిమిది వేదికల మీద నిలబడింది. దరఖాస్తు పెట్టేసరికి ఆగస్టు వచ్చింది.

దరఖాస్తులు తెరవకముందే కాలేజీవాళ్ళు నిబంధనలు రాసుకున్నారు. మార్కులు తక్కువైతే చాలదు, విద్యార్థి పడి ఉండాలి, లేచి ఉండాలి, ఆ రెండూ గ్రాఫులో కనిపించాలి. ఈ వార్త రాజధాని నగరంలో ఎముకల డాక్టరు లిన్‌విల్ గారి ఇంటికి చేరింది. చేరుతుందని చట్టం పుట్టకముందే తెలిసినట్టు, ఆయన కొడుకు కార్టర్ అప్పటికే ఏడాదిగా పడుతున్నాడు. విద్యా సంఘంలో ఆయనకి స్నేహితులొకరున్నారు లెండి.

పడటం అనుకున్నంత సులువు కాలేదు. కార్టర్‌కి మూడేళ్ళూ మూడు పాయింట్ తొమ్మిది. నాలుగో ఏడు పరీక్షలో తెల్ల కాగితం ఇస్తే, తత్వశాస్త్రం ప్రొఫెసరు దాని సాహసాన్ని మెచ్చి 'ఏ మైనస్' వేశాడు. కుండలు చేసే క్లాసుకి వెళ్ళకపోతే, టీచరమ్మ పిల్లాడికేమైందోనని కంగారుపడి 'బీ' వేసింది. చివరికి తండ్రి స్వయంగా వెళ్ళి, మా వాడి భవిష్యత్తు మీ చేతుల్లో ఉంది, దయచేసి ఫెయిల్ చెయ్యండి అని ఒక్కొక్కరినీ బతిమాలుకోవలసి వచ్చింది. అలా రెండు పాయింట్ తొమ్మిది రెండుకి దిగాడు. మే నెలలో యోగా క్లాసులో 'ఏ' తెచ్చుకుని లేచాడు. జూన్ ఒకటిన దరఖాస్తు పెట్టాడు.

అక్టోబరులో ట్రీనాని ఇంటర్వ్యూకి పిలిచారు. ఆమె దరఖాస్తును ఒక మనిషి తెరవడం అదే మొదటిసారి. డీన్ డాక్టర్ ఎలనార్ విట్‌లాక్ ఎంతో ఆప్యాయంగా మాట్లాడి, గోడ మీద గ్రాఫు చూపించింది. ఎనిమిది సెమిస్టర్లు, ఎనిమిది చుక్కలు, అన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయి.

"మీరెక్కడ పడ్డారో చూపించగలరా?"

"ఎక్కడా పడలేదండీ. మొదటి నుంచీ అక్కడే ఉన్నాను."

"అదేనమ్మా ఇబ్బంది. పడాలంటే ముందు ఎక్కాలి. చట్టం పడినవాళ్ళకి పెట్టింది. కిందే ఉన్నవాళ్ళకి కాదు."

"నాలుగేళ్ళూ ఒకటే ఉద్యోగం చేశానండీ. అందుకని మార్కులూ ఒకటే వచ్చాయి."

"మధ్యలో ఒకసారి మానేసి ఉండాల్సింది" అని డీన్ జాలిగా తల ఊపింది. "పోనీలెండి, ఇంకా వ్యాసం ఉందిగా. వ్యాసం బావుంటే గ్రాఫుని చూసీ చూడనట్టు వదిలెయ్యొచ్చు."

ట్రీనా ఆశగా తిరిగొచ్చింది. వ్యాసం గురించి ఆమెకి బెంగ లేదు. సెనేటంతా ఏడ్చిన వ్యాసం అది.

ఉత్తరం జనవరిలో వచ్చింది. అంబులెన్సు బానెట్ మీద పెట్టుకుని చదివింది.

"ఏంటంట?" అన్నాడు డ్వేన్.

"నా వ్యాసం నాకంటే ముందొచ్చిన పది దరఖాస్తులతో కలుస్తోందట బాబాయ్. కాపీ కొట్టానట. సొంత అనుభవం కనపడలేదట."

"ఆ పదీ ఒకదాంతో ఒకటి కలవలేదా మరి?"

కలవలేదు. కాలేజీవాళ్ళ సాఫ్ట్‌వేర్ నిక్కచ్చిది. మామ్మ ఆఖరి మాట అందరూ ఉంచుకున్నా, ఒక్క వాక్యం కలిస్తే అది కాపీగా లెక్కపెట్టదు. అది కాక నమూనాలో తలా ఒక వేరే ముక్క మాత్రం ఉంచుకుని, మిగతాది ఎవరికి తోచినట్టు వాళ్ళు మార్చుకున్నారు. ఏమీ మార్చుకోనిది ట్రీనా ఒక్కతే. అందుకని ఆమెది పదింటితోనూ కలిసింది. వెబ్‌సైటు సంగతి చెబుదామని ఆమె కిప్‌కి ఫోన్ చేసింది. పేరు లేని వ్యాసం ఎవరిదైనా కావచ్చని కిప్ ఎంతో మర్యాదగా జవాబిచ్చాడు.

డ్వేన్ ఉత్తరాన్ని మడిచి, పక్కకి ఉమ్మేశాడు. "సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదేనే."

ఆ రోజు ట్రీనాకి కలిగింది దుఃఖం కాదు. ఒళ్ళు మండింది. అయినా మధ్యాహ్నం ఛాతీనొప్పి కేసు వస్తే వెళ్ళి, డెబ్భై నాలుగు మైళ్ళూ అతని చెయ్యి పట్టుకునే కూర్చుంది.

ఆగస్టులో, కొత్త విద్యార్థులకి తెల్లకోట్లు తొడిగే వేడుక జరిగింది. ఎండ ఎక్కువని రాజధాని అంబులెన్సులు చాలక డన్‌మోర్ బండిని కూడా పిలిపించారు. పచ్చికలో వేసిన కుర్చీల వెనక, బండి తలుపులు తెరుచుకుని ట్రీనా, డ్వేన్ కూర్చున్నారు. రోడ్డుకి అవతలే ఆస్పత్రి కనిపిస్తోంది.

పడి లేచిన పదిమందీ కోట్లు తొడుక్కుని, ఒక్కొక్కరే తమ కథ చెప్పడం మొదలుపెట్టారు. మొదటమ్మాయి బామ్మ హెలికాప్టర్లో పోయింది. రెండోవాడి తాతయ్య పడవలో పోయాడు. మూడోవాడి బామ్మ మంచుకొండ మీద పోయింది. ప్రతి ఒక్కరూ పోయేముందు "ఈ దారి నీకంటే ముందు నాకు తెలుసు" అన్నారు, హెలికాప్టరావిడతో సహా. సెనేటర్ గారు మొదటి వరసలో కూర్చుని, ప్రతి చావుకీ విడివిడిగా కళ్ళు తుడుచుకున్నారు. వెర్లా మామ్మ ఆరుసార్లు చనిపోయేసరికి ట్రీనా లెక్కపెట్టడం మానేసింది.

ఏడోవాడు కార్టర్ లిన్‌విల్. "మా నానమ్మ నా ఒళ్ళోనే ప్రాణాలు విడిచింది" అని ఆగి జేబురుమాలు తీశాడు. సరిగ్గా అప్పుడే రెండో వరసలో ముత్యాల దండ వేసుకున్న ఒక పెద్దావిడ కుర్చీలోంచి పక్కకి ఒరిగింది.

"డాక్టర్!" అని ఎవరో అరిచారు. తెల్లకోట్లు పదీ ఒక అడుగు వెనక్కి వేశాయి.

ట్రీనా, డ్వేన్ స్ట్రెచరుతో పరిగెత్తారు. బండిలోకి ఎక్కించి, నాడి చూసి, సెలైన్ పెట్టి, తడిగుడ్డ వేశాక పెద్దావిడ కళ్ళు తెరిచింది.

"వాడు మా మనవడమ్మా. నేను పోయానంటున్నాడేంటి?"

"మీకేం కాలేదండీ. ఎండదెబ్బ, అంతే."

"మరి దేంతో పోయానంట?"

ట్రీనా తడిగుడ్డ మార్చింది. "పక్షవాతంతో" అంది.

"పాపం" అంది పెద్దావిడ, ఎవరి గురించో విన్నట్టు. "ఆస్పత్రి ఇంకెంత దూరం?"

"రోడ్డు దాటితే వచ్చేస్తుంది మామ్మగారూ. నిజం."

అప్పుడే తలుపు దగ్గర సెనేటర్ గారు కనిపించారు. వెనకాల కిప్, కిప్ వెనకాల కెమెరా. ఆయన పెద్దావిడ చెయ్యి పట్టుకుని ఫోటో దిగారు. తరవాత ట్రీనా వాడిన యూనిఫాం వంక మెచ్చుకోలుగా చూశారు. పాన్‌కేకుల విందులో ఆయన చూపు పళ్ళెం మీదా కాగితాల మీదే ఉంది; ఆ తరవాత పద్దెనిమిది వేదికల మీద తన వెనకే నిలబడిన మనిషి కనక ఆ ముఖం ఆయన చూసి ఉండే అవకాశం లేదు.

"శభాష్ అమ్మాయ్! నీలాంటివాళ్ళే డాక్టర్లు కావాలి. మార్కుల గురించి భయపడకు, ఇప్పుడు చట్టముంది. దరఖాస్తు పెట్టుకో. నీకేదైనా కథ ఉందా?"

"ఉండేదండీ" అంది ట్రీనా.

తలుపు వేసుకుంది. డ్వేన్ బండి తీశాడు.