రీసెంట్ లిస్టులో రొయ్యల పచ్చడి

రోజలిన్ ఆ రోజు ఆఫీసుకి అరగంట ముందే వచ్చింది. వచ్చిన పని చిన్నదే. కంప్యూటర్‌లో రీసెంట్ ఫైల్స్ జాబితాలో తన పచ్చళ్ళ ఫైలు కనబడకుండా చేసి, ఏమీ ఎరగనట్టు కూర్చోవాలి.

విశాఖ పోర్టుకి వచ్చే ఓడలకి బియ్యం, కూరగాయలు సప్లై చేసే ఆఫీసది. ఉన్నది ఒక్కటే కంప్యూటర్. రోజలిన్ వచ్చే నెల పూర్ణా మార్కెట్ దగ్గర పచ్చళ్ళ కొట్టు పెట్టబోతోంది. అంతవరకూ ఈ జీతం లేకపోతే ఆ కొట్టూ లేదు. యజమాని దేవీప్రసాద్‌కేమో పక్కచూపులు చూసే ఉద్యోగులంటే ఒళ్ళుమంట. కిందటేడు ఇంకోచోట ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చినవాణ్ణి ఆ సాయంత్రమే ఇంటికి పంపేశాడు. పైగా ఈవేళ ఓడకి రేట్ల కొటేషన్ తానే పంపుతానన్నాడు. ఈ మహాతల్లేమో ఆఫీసు కొటేషన్‌నే కాపీ చేసుకుని, బియ్యం ఉన్నచోట రొయ్యలు, ఉల్లిపాయలున్నచోట వంజరం చేప పెట్టి తన పచ్చళ్ళ రేట్లు తయారుచేసుకుంది!

"రాజూ, ఈ ఒక్క లైను తీసీవా?" అని తోటి గుమాస్తా సన్యాసిరాజుని బతిమాలింది.

"ఒక్క లైనేటక్కా, మొత్తం తుడిసీసినాను, సూడు!" అన్నాడతను. జాబితా తుడిచిన పలకలా ఉంది.

"ఓలమ్మ! నా ఫైలు కూడా పోనాదేటి?"

"పోదక్కా. జాబితాయే పోద్ది. ఫైలు దాని సోట అదుంటాది."

నమ్మకం కుదరక రోజలిన్ ఫైలు వెతికి, తెరిచి చూసుకుంది. రొయ్యలు క్షేమం. హమ్మయ్య అనుకుని మూసేసింది. అంతలో దేవీప్రసాద్ వచ్చి, రేపటి లోడుకి కూరగాయలు చూసి రమ్మని ఆవిణ్ణి మార్కెట్‌కి తరిమాడు.

ఆ ఆఫీసులో ఏ ఫైలు ఎక్కడుంటుందో ఎవరికీ పట్టదు. జాబితాలో పైన ఏదుంటే అదే కొటేషన్. దాన్ని తెరవడం, ఓడ పేరూ తేదీ మార్చడం, పంపడం, ఇన్నేళ్ళుగా అదే పద్ధతి. దేవీప్రసాద్ చూస్తే జాబితాలో ఒక్కటంటే ఒక్క ఫైలుంది, రోజలిన్ ఇందాక తెరిచి చూసుకున్నది. "ఈయేళ శుభ్రంగా ఉందిరా!" అని మెచ్చుకుని, తెరిచి, పైన రెండు లైన్లు మార్చి, కిందకి కన్నెత్తి చూడకుండా ఓడకి పంపేశాడు.

రోజలిన్ మార్కెట్ నుంచి వచ్చి, దేవీప్రసాద్ కుర్చీ వెనకనుంచి తెర మీద అతను పంపిన మెయిల్ చూసింది. గబగబా బయటికొచ్చి సన్యాసిరాజుని పట్టుకుంది. "రాజూ, నా కొంప మునిగిపోనాది. పచ్చళ్ళు ఓడెక్కీసినాయి!"

"నువ్వు ఊరుకో అక్కా. సార్‌ని కుర్సీలోంచి లేపుతాను, నువ్వు అసలుది పంపీ," అని సన్యాసిరాజు లోపలికి పరిగెత్తాడు. "సార్! కంప్యూటర్‌కి వైరస్ ఒచ్చీసిందండి!"

దేవీప్రసాద్ లేచాడు. లేచినవాడు ఊరుకోకుండా మెయిన్ స్విచ్ దించేశాడు. ఫ్యాన్లు ఆగాయి. "ఎవులూ ముట్టుకోవద్దు!" అని అరిచి వీధిలోకి దూకి, పై అంతస్తు వాళ్ళనీ, పక్కనున్న జిరాక్సు షాపునీ కూడా హెచ్చరించి వచ్చాడు. పాపం, వాళ్ళూ మెయిన్లు దించేశారు. వీధివీధంతా విసనకర్రలు పట్టుకుని దేవీప్రసాద్ గుమ్మం ముందు చేరింది. అసలు కొటేషన్ పంపే దారి మాత్రం మూసుకుపోయింది.

అప్పుడు ఫోన్ మోగింది. ఓడ నుంచి.

"పచ్చళ్ళా? నాను పంపినానా?" అన్నాడు దేవీప్రసాద్.

రోజలిన్‌కి దుఃఖం ఆగలేదు. "సార్, తప్పు నాదేనండి. అయి నా కొట్టు రేట్లండి. ఒచ్చే నెల కొట్టు పెడతన్నానండి. నన్ను పంపీకండి సార్, కొట్టు నిలబడీవరకైనా..."

దేవీప్రసాద్ చెయ్యెత్తి ఆగమన్నాడు. చాలాసేపు విని ఫోన్ పెట్టేశాడు.

"ఓడలో వంటోడమ్మా. నెల్లాళ్ళుగా సప్పిడి కూడు తిని అందరూ ఆడి మీద పడతన్నారంట. అన్ని రకాలూ పంపీమన్నాడు. బియ్యం, కూరగాయలు కూడా మన దగ్గరే. బేరం ఆడనేదు!"

దేవీప్రసాద్ రోజలిన్ వైపు తిరిగాడు.

"కొట్టు పెడతన్నావని నాకు ముందే సెప్పొచ్చు కదేటి?" అన్నాడాయన. "సరే, పొద్దున్న కొట్టు సూసుకో, మజ్జానం ఆఫీసుకి రా. ఓడల పచ్చళ్ళు మన లారీలోనే ఎల్తాయి."

రోజలిన్ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఆవిడ అప్పటికింకా ఒక్క సీసా పచ్చడైనా పెట్టలేదన్న సంగతి మాత్రం ఓడవాళ్ళకి ఎవరూ చెప్పలేదు.