కొసరు మనిషి

తెరేసా లేకుండా దరియాలతిప్ప జట్టు ఆడిన మొదటి ఆట పంతొమ్మిది–రెండు తేడాతో పోయింది. మర్నాడు సోమవారం, బడికి సెలవు. ఫ్రాన్సిస్ మాస్టారు ఒక్క కప్పు కాఫీ కలుపుకుని తెల్ల కాగితం ముందు కూర్చున్నారు. తొమ్మిదింటికల్లా జట్టును బాగుచేసి, పదింటికి చొక్కాలు ఇస్త్రీ చేసుకోవాలని ఆయన ఆలోచన.

యానాంలో ఈ బేస్‌బాల్ మొదలుపెట్టింది ఆయన భార్య తెరేసానే. వ్యాయామం టీచరు. స్టోర్ గదిలో చెదలు తింటున్న బ్యాట్లను బయటికి తీయించి నాలుగు జట్లు కట్టించింది. నిబంధనలూ ఆవిడవే. ఏ జట్టూ ఏడాదికి ముప్ఫై వేలు దాటి ఖర్చు పెట్టకూడదు. మనుషుల్ని మార్చుకోవచ్చు గానీ, ఈ శుక్రవారం సాయంత్రం ఆరుతో సరి. ఆదివారం మైదానంలోకి తొమ్మిదిమంది దిగకపోతే ఆ జట్టు పేరు కొట్టేస్తారు. ఆవిడ పోయాక దరియాలతిప్ప జట్టు మాస్టారి మీద పడింది. లెక్కల మాస్టారు గనుక ఆయన భయపడలేదు. కొంచెం భయపడి ఉంటే బాగుండేది.

తెరేసా రాసుకున్న నోటు పుస్తకం అల్మారాలో ఉంది. ఆ చేతిరాత చూడటానికి ఇంకా కొన్నాళ్లు పడుతుందనిపించి ఆయన దాన్ని తీయలేదు. అంకెలు స్కోరు కాగితాల్లో ఎలాగూ ఉన్నాయి.

అంకెలు మొహమాటం లేకుండా చెప్పాయి. ఫస్ట్ బేస్ దగ్గర నిలబడే అమ్మిరాజుకి నలభై ఒక్కేళ్లు. ఇరవై రెండుసార్లు బ్యాట్ పట్టుకుని నాలుగుసార్లు బేస్ చేరాడు. జట్టులో అందరికన్నా ఎక్కువ జీతం, ఆరు వేలు, అతనిదే. అటు అగ్రహారం జట్టులో నాగసాయి ఉన్నాడు. పంతొమ్మిదేళ్లు. ఎడమచేత్తో బంతి విసిరితే బంతి కనిపించదు, చప్పుడు మాత్రం వినిపిస్తుంది. వాడికి నాలుగు వేలే. మాస్టారు రెండు పేర్ల కిందా గీత గీసి, చెప్పులు వేసుకుని బయల్దేరారు.

అగ్రహారం జట్టు పెద్ద పాపారావు రొయ్యల వ్యాపారి. దేన్నయినా చెరువు గట్టు మీద నిలబడినట్టే చూస్తాడు.

"కుర్రోడంటే సీడండి, రొయ్యపిల్లండి మాస్టారూ. ఇవాళ సీడు మీకిచ్చేసి, రేపు అది మీ చెరువులో కిలోకి ముప్ఫై తూగే కౌంటుకొస్తే నేను గట్టు మీద కూర్చుని ఏడవాలాండి? అమ్మిరాజు సరే. కొసరేంటి?"

యానాం చేపల బజారులో కొసరు లేకుండా పండుగప్ప కూడా చేతులు మారదు. మాస్టారికి ఆ కోరిక న్యాయంగానే తోచింది. అమ్మిరాజు, అతని మీద కొసరుగా ఇంకొక మనిషి, ఆ పేరు శుక్రవారంలోగా పాపారావు చెబుతాడు. ఇద్దరూ సంతకాలు చేశారు. జట్టు ఖర్చు ఇరవై నాలుగు వేల నుంచి ఇరవై రెండుకు దిగింది. మాస్టారు ఇంటికొచ్చి చొక్కాలు ఇస్త్రీ చేసుకున్నారు.

మంగళవారం సాధనకు ఒక్కరూ రాలేదు. గంటసేపు ఎండలో నిలబడ్డాక ఆయనకు విషయం తెలిసింది. ఇన్నాళ్లూ జట్టునంతా ఇంటింటికీ వెళ్లి ఎక్కించుకొచ్చింది అమ్మిరాజు ఆటో. మనిషితోపాటు ఆటో కూడా అగ్రహారం వెళ్లిపోయింది. లూయిస్ అనే మరో ఆటో అతన్ని ఏడాదికి నాలుగు వేలకు మాట్లాడారు. తనకూ ఒక జెర్సీ, ఆడటానికి చోటూ ఇస్తేనే వస్తానన్నాడు లూయిస్. థర్డ్ బేస్‌లో ఆడే ఆనంద్‌ని కాస్త ఆగమన్నారు. ఆనంద్ ఆగలేదు, జెర్సీ మడతపెట్టి ఇచ్చేసి చేపల వేటకి పోయాడు. లూయిస్ థర్డ్ బేస్‌లో చక్కగా నిలబడ్డాడు. బంతి వచ్చినప్పుడు మాత్రం మర్యాదగా పక్కకి తప్పుకుని దారి ఇచ్చాడు.

బుధవారం భోజనం రాలేదు. సాధనయ్యాక పులిహోర, చేపల పులుసు తెచ్చేది అమ్మిరాజు భార్య చిట్టెమ్మ. మాస్టారు హోటల్లో ఏడాది భోజనాలకు మూడున్నర వేలు ఒప్పుకున్నారు. ఆ సాంబారు రుచి చూసిన క్యాచర్ సాయికిరణ్ చెయ్యి కడుక్కుని, గాలి ఎటునుంచి వీస్తోందో చూసుకుని, అగ్రహారం వైపు నడిచాడు.

మాస్టారు వెళ్లి పాపారావుని నిలదీశారు.

"నేను పిలవలేదండి," అన్నాడు పాపారావు. "ఆకేసాం. కూచున్నాడు."

గురువారం నాగసాయి భుజం వాచింది. ఐసు కావాలన్నాడు. ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేదీ అమ్మిరాజే. ఐసుకి అయిదు వందలు. మాస్టారు రాత్రి లెక్క కట్టారు. మానేసినవాళ్ల జీతాలూ ఖాతాలోనే ఉంటాయి గనుక ముప్ఫై వేలు, రూపాయి ఎక్కువా లేదు తక్కువా లేదు. ఆరు వేల మనిషిని వదిలించుకోవడానికి ఎనిమిది వేలయింది. ఆటగాళ్లు ఎనిమిదిమంది. అందులో ఒకడు బంతికి దారి ఇస్తాడు. ఆదివారం తొమ్మిదో మనిషి లేకపోతే తెరేసా కట్టిన జట్టు, తెరేసా పెట్టిన నిబంధనతోనే పోతుంది.

శుక్రవారం అయిదింటికి పాపారావు కాగితం పట్టుకుని వచ్చాడు. నాలుగు రోజుల్లో చిక్కిపోయాడు.

"కొసరుకొచ్చానండి."

నాగసాయిని అడుగుతాడేమోనని మాస్టారు ఆ కాగితం వైపు తొంగిచూశారు.

"ఎవర్ని?"

"మిమ్మల్నేనండి."

పాపారావు చెప్పింది విన్నాక సంగతి తేలింది. తెరేసమ్మగారి జట్టని ఇన్నాళ్లూ ఊరికే వండిన చిట్టెమ్మ, వ్యాపారస్తుడి జట్టుకి ఆకుకింతని తీసుకుంటోంది. ఆటోకి కిరాయి, ఐసుకి దిమ్మ లెక్క. పైగా సాయికిరణ్ ఆకు ఒక్కటే ముగ్గురి పెట్టు. ఖర్చు ముప్ఫై నాలుగు వేల ఎనిమిది వందలకు చేరింది. ఆరు కొట్టేలోగా కిందికి దింపాలి, లేకపోతే అగ్రహారం పేరు పోతుంది.

"లెక్కలొచ్చిన మనిషి మా వైపు లేడండి," అన్నాడు.

సంతకం సంతకమే. ఫ్రాన్సిస్ మాస్టారు ఆ నిమిషం నుంచి అగ్రహారం మనిషయ్యారు. కళ్లజోడు తుడుచుకుని కొత్త యజమాని కాగితాలను నిజాయితీగా చూశారు. పది నిమిషాలు పట్టింది.

"అమ్మిరాజుని తీసేయండి. ఆరు వేలు తగ్గుతాయి. వంటా ఆటో అతనితోనే పోతాయి."

"నలభై ఒక్కేళ్లోణ్ణి ఎవరు తీసుకుంటారండి?"

"దరియాలతిప్ప తీసుకుంటుంది. నాకు తెలిసిన జట్టే," అన్నారు మాస్టారు. "కొసరు మాత్రం అడక్కండి."

దరియాలతిప్ప తరఫున సంతకం పెట్టడానికి పెద్ద ఎవరూ మిగల్లేదు గనుక చిట్టెమ్మ పెట్టింది. ఆరుకి పది నిమిషాలుంది. ఆ వెంటనే లూయిస్ ఆటో, హోటల్ భోజనం, కొనే ఐసు రద్దు చేసింది. పులుసు వాసన వెంటే సాయికిరణ్ తిరిగొచ్చాడు. తొమ్మిదిమంది అయ్యారు. శనివారం మాస్టారు అల్మారా తీసి, తెరేసా పుస్తకాన్ని తెరవకుండానే కొత్త పెద్ద చిట్టెమ్మ చేతికి ఇచ్చారు.

ఆదివారం ఆయన అగ్రహారం బెంచీ మీద కూర్చుని స్కోరు రాశారు. ఐసు పెట్టిన భుజంతో నాగసాయి అగ్రహారాన్ని గడగడలాడించాడు. అమ్మిరాజు బొజ్జకి బంతి తగిలి, ఆట నియమం ప్రకారం, ఊరికే ఫస్ట్ బేస్ దక్కింది. ఇరవై మూడుకి అయిదు. మాస్టారు చప్పట్లు కొట్టారు.

"మనం ఇటండి మాస్టారూ," అన్నాడు పాపారావు నీరసంగా.

మాస్టారు వదిలి వెళ్లగానే దరియాలతిప్ప పదకొండు–మూడుతో గెలిచింది. జట్టులో మార్చవలసింది ఎవర్నో ఆయన లెక్కలో చివరిదాకా రాలేదు.

ఆట అయ్యాక చిట్టెమ్మ పులిహోర పొట్లంతోపాటు పుస్తకం తెచ్చి ఆయన ముందు తెరిచి పెట్టింది.

"చదవండి బాబుగారూ. ముందే చదివుంటే మాకీ తిరుగుడు తప్పేది."

ప్రతి పేరు పక్కనా తెరేసా ఒక ముక్క రాసుకుంది. 'అమ్మిరాజు: బ్యాటు దండగ. ఆటో, ఐసు, చిట్టెమ్మ. వదలకూడదు.' 'సాయికిరణ్: అన్నం ఎక్కడో అక్కడ.' మాస్టారు నవ్వారు. ఆ నవ్వు చాలాసేపు ఆగలేదు, కళ్లజోడు తీయవలసి వచ్చింది.

"ఆఖర్న మీ పేరూ ఉందండి," అంది చిట్టెమ్మ.

ఉంది. అన్ని పేర్ల కిందా, అదే నీలం సిరాతో, ఫ్రాన్సిస్ అని రాసి పక్కన రెండు చుక్కలు పెట్టింది.

ఆ చుక్కల తర్వాత ఇంకా ఏమీ రాసి లేదు.