జవాబు పన్నెండో పేజీలో ఉంది

ఏ కాగితాన్నైనా చివరిదాకా చదివేవాడు సమాజానికి ప్రమాదం. ఈ మాట నేను ఊరికే అనడం లేదు. ఎంతో ఆలోచించి, సగం దాకా చదివిన అనేక పుస్తకాల సాక్షిగా అంటున్నాను.

మీరే చెప్పండి. ఫోన్‌లో కొత్త యాప్ వేసుకునేటప్పుడు వచ్చే షరతులన్నీ చదివి 'అంగీకరిస్తున్నాను' నొక్కినవాణ్ణి ఎప్పుడైనా చూశారా? మందు సీసాతో పాటు వచ్చే సన్నక్షరాల కాగితం మొత్తం చదివిన రోగి జ్వరంతో కాదు, బెంగతో పోతాడు!

విశ్వవిద్యాలయాల్లో అయితే ఈ చదవకపోవడం ఒక శాస్త్రంగా ఎదిగింది. నాకు తెలిసిన ఒక పరిశోధకుడు తన థీసిస్ నాలుగో అధ్యాయం మధ్యలో సైకిల్ ట్యూబుకి పంచరు వేసే విధానం రాసి పెట్టాడు. ముగ్గురు పరీక్షకులు చూశారు. ఇద్దరు బాగుందన్నారు. మూడో ఆయన 'నాలుగో అధ్యాయం ప్రత్యేకించి మౌలికంగా ఉంది' అని మెచ్చుకున్నారు. డాక్టరేట్ వచ్చింది, ఉద్యోగం వచ్చింది, పెళ్ళీ అయింది. ఆ ముగ్గురూ చదివి ఉంటే ఒక సంసారం ఏమైపోయేది?

ఈ ఆధునిక వరం ఒక కతోలిక దైవశాస్త్ర శాఖను ఎలా కాపాడిందో ఇప్పుడు చెబుతాను. నాకెలా తెలుసంటారా? మా వదిన ఆ శాఖలో ఇరవై రెండేళ్ళుగా టైపిస్టు. ఆవిడ కంటపడకుండా అక్కడ బల్లి కూడా గోడెక్కదు.

శాఖ అంటే పెద్దగా ఊహించుకోకండి. రెండో అంతస్తు వరండా చివర రెండు గదులు. ఒక గదిలో పుస్తకాలు. రెండో గదిలో శాఖాధిపతి ఫాదర్ గారు, మా వదిన, దగ్గే ప్రింటరు, తొమ్మిది మంది విద్యార్థులు. ఇంకా దారి తప్పినవాళ్ళు కూడా వస్తుంటారు. పాత చిత్రంలో ఒక పునీతురాలి పక్కన విరిగిన చక్రం ఎందుకుందని ఆర్ట్ వాళ్ళు వస్తారు. మనస్సాక్షి గొప్పదా, చట్టం గొప్పదా అని లా వాళ్ళు వస్తారు. దేవుడు లేడని నిరూపించడానికి ఫిజిక్స్ ఆయన ప్రతి గురువారం వచ్చి, రెండు కప్పుల టీ తాగి, నిరూపణ పూర్తికాక మళ్ళీ గురువారానికి వాయిదా వేసుకుని వెళతారు.

ఫాదర్ గారికి ఒక అలవాటుంది. అది ఆయన సొంతం కూడా కాదు, వాళ్ళ దైవశాస్త్ర సంప్రదాయంలో వందల ఏళ్ళ నాటిది. ఏ ప్రశ్న తీసుకున్నా ముందు తనకు వ్యతిరేకంగా ఉన్న వాదనలన్నీ రాయాలి. మొక్కుబడిగా రాస్తే చెల్లదు. అవతలివాడు చదివి, 'అయ్యబాబోయ్, నేను కూడా ఇంత బాగా చెప్పలేను' అనుకోవాలి. అదంతా అయ్యాకే తన జవాబు. ఈ పద్ధతిలో ఆయన ముప్పై ఒక్క ఏళ్ళు పాఠం చెప్పారు. మా వదిన సెలవు అడిగినా అంతే! సెలవు ఎందుకు ఇవ్వకూడదో మూడు కారణాలు ఆయనే చెప్పి, వాటికి జవాబులూ ఆయనే చెప్పి, చివరికి ఇచ్చేవారు. ఈలోపు ఆవిడ ఎక్కాల్సిన బస్సు వెళ్ళిపోయేది.

అలాంటి మనిషికి ఆన్‌లైన్ ఫారం వచ్చింది.

విశ్వవిద్యాలయంలో ఏ శాఖ వల్ల ఏం ప్రయోజనమో తేల్చడానికి ఒక కమిటీ వేశారు. ఛైర్మన్ గారు మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్. క్లుప్తంగా మాట్లాడటం ఎలా అన్న విషయం మీద ఆరు గంటల ఉపన్యాసం ఇవ్వగల సమర్థుడు. ఫారంలో ఒకటే ప్రశ్న: 'మీ శాఖ ఎందుకు ఉండాలి?' కింద ఒక డబ్బా. డబ్బాలో రెండు వేల అక్షరాలే పడతాయి.

ఫాదర్ గారు నాలుగు రోజులు కూర్చుని రాశారు. ఒకటి, విశ్వవిద్యాలయం కొలవగలిగినవాటిని చదివే చోటు, దేవుడు ఏ కొలతకూ అందడు. రెండు, విశ్వాసికి జవాబు ముందే తెలుసు, కాబట్టి అతని అన్వేషణ ఉత్త నాటకం. మూడు, చిత్రాలూ సంగీతమూ చట్టమూ అర్థం కావడానికే ఈ శాఖ అయితే ఆ పని చరిత్ర శాఖ చేసుకోగలదు. తిరుగులేని వాదనలు! ఆ తరువాత జవాబు మొదలుపెట్టారు. పెట్టారు గానీ, అక్షరాలు అప్పటికే అయిపోయాయి. డబ్బా మిగతాది మింగేసి, 'ధన్యవాదాలు, మీ సమాధానం అందింది' అంది.

కమిటీ ఆశ్చర్యపోయింది. మిగతా శాఖలన్నీ తామే లేకపోతే సూర్యుడు ఉదయించడని రాశాయి. ఈయనొక్కడే తన శాఖ ఎందుకు పనికిరాదో ఇంత నిజాయితీగా ఒప్పుకున్నాడు! ఛైర్మన్ గారు చలించిపోయారట. శాఖను మూసేసి, ఆ రెండు గదుల్నీ స్మార్ట్ లాంజ్ చేయాలని పది నిమిషాల్లో తీర్మానించారు.

ఫాదర్ గారు పరుగున వెళ్ళి, జవాబు ఇంకా ఉందని మొత్తుకున్నారు. "ఫారం మళ్ళీ తెరుచుకోదు ఫాదర్. సిస్టమ్ ఒప్పుకోదు," అన్నారు ఛైర్మన్ గారు, ఎంతో బాధగా.

ఇక్కడ కమిటీకి ఒక చిక్కొచ్చిపడింది. శాఖను మూసేటప్పుడు కారణాలు వివరంగా చూపుతూ ఉత్తర్వు రాయాలని నిబంధన. కారణాలు రాయడానికి కూర్చుంటే ఏడుగురు సభ్యుల్లో ఒక్కరికీ ఒక్క ముక్కా రాలేదు. వాళ్ళ దగ్గర ఉన్న కారణాలన్నీ ఫాదర్ గారివే! దాంతో ఛైర్మన్ గారు స్వయంగా రెండో అంతస్తుకి వచ్చి, ఆ ఉత్తర్వేదో మీరే రాసి పెడితే బాగుంటుందని అడిగారు.

మా వదిన అగ్గిమీద గుగ్గిలమైంది. "మన గొంతు కోయడానికి కత్తి మనమే నూరి ఇవ్వాలా ఫాదర్? నేను టైప్ చెయ్యను గాక చెయ్యను!"

"వాళ్ళ పక్షాన కూడా ఎవరో ఒకరు సరిగ్గా మాట్లాడాలి కదమ్మా," అన్నారాయన, కళ్ళజోడు తుడుచుకుంటూ. పాపం, ఆ మాట నిజంగానే అన్నారు.

తిట్టుకుంటూనే టైప్ చేసింది. పన్నెండు పేజీలు వచ్చాయి. పదకొండు పేజీల నిండా శాఖను ఎందుకు మూసేయాలో ఉంది. మా వదిన చదువుతూ చదువుతూ, 'అవును, మూసేయాల్సిందే' అనుకుని ఉలిక్కిపడిందట. పన్నెండో పేజీలో ఫాదర్ గారి జవాబుంది. కొలతకు అందనివాటి గురించి మనుషులు ఎలాగూ మాట్లాడుకుంటారు, వాటి గురించి ఒళ్ళు దగ్గర పెట్టుకుని మాట్లాడటం నేర్పే గది ఊళ్ళో ఒకటైనా ఉండాలి అని. దాని కింద ఆఖరి వాక్యం: 'కావున శాఖ యథావిధిగా కొనసాగవలెను.'

మోసం చేద్దామని కాదు సుమా! కమిటీ దాన్ని చదువుతుందని, కోపంతో ఎర్రబడి ఆ పేజీని ఖండిస్తూ ఏదో ఒకటి రాస్తుందని, అప్పుడు అసలైన చర్చ మొదలవుతుందని ఆయన ఆశ. "చివరి పేజీ తప్పకుండా చూడండి," అని రెండుసార్లు చెప్పి మరీ ఇచ్చారు. ఛైర్మన్ గారు "చూస్తాను, చూస్తాను" అంటూనే సంతకం పెట్టేశారు.

ఆ తరువాత ఫాదర్ గారు రోజూ గదిలోకి వస్తూనే, "ఏమైనా వచ్చిందా అమ్మా?" అని అడిగేవారు. పదో రోజు వచ్చింది. ఏడు సంతకాలతో, గుండ్రటి ముద్రతో ఉత్తర్వు వచ్చింది. శాఖ యథావిధిగా కొనసాగవలెను!

మా వదిన ఎగిరి గంతేసింది. తొమ్మిది మంది విద్యార్థులూ ఈలలు వేశారు. ఆ రోజు గురువారం కావడంతో, దేవుడు లేడనే ఫిజిక్స్ ఆయన కూడా దేవుడి దయ అన్నారు.

ఫాదర్ గారు మాత్రం ఉత్తర్వు పట్టుకుని లేచారు. మా వదిన తలుపుకి అడ్డంగా నిలబడి చేతులు జోడించింది. "మీకు పుణ్యముంటుంది ఫాదర్, ఈ ఒక్కసారికి నోరు మెదపకండి!" విన్నారా? తిన్నగా ఛైర్మన్ గారి గదికి వెళ్ళి, "మీరు పొరపాటున సంతకం పెట్టారు, ఇది మీ నిర్ణయం కాదు, ఒక్కసారి చదవండి. కాదనిపిస్తే నా వాదన ఎక్కడ తప్పో రాసి, కొట్టేయండి," అన్నారు.

ఛైర్మన్ గారు కాగితాలు అందుకున్నారు. పేజీలు లెక్కపెట్టారు. పన్నెండు! వాచీ చూసుకున్నారు. మొదటి పేజీ మొదటి వాక్యం మీద కాసేపు కళ్ళు నిలిపారు. తరువాత కట్ట మొత్తం నెమ్మదిగా ఫాదర్ గారి వైపు జరిపారు.

"శాఖ ఉండనివ్వండి ఫాదర్. నన్ను మాత్రం చదవమనకండి."

చూశారా పాఠకులారా, చదవకపోవడంలో ఎంత కరుణ ఉందో! చదివే అలవాటున్న కమిటీ అయితే ఆ తొమ్మిది మంది ఏమయ్యేవారు? మా వదిన ఉద్యోగం ఏమయ్యేది?

కానీ ఆవిడ చెప్పిన చివరి సంగతి మీకు చెప్పకుండా దాచడం బాగుండదు. ఫాదర్ గారు తిరిగొచ్చి కుర్చీలో కూలబడ్డారట. "శాఖ నిలబడింది కదా ఫాదర్, ఆ మొహమేంటి?" అంది మా వదిన.

"నిలబడలేదమ్మా. దాన్ని ఎవరూ తొయ్యలేదు, అంతే. చదివి మూసేసినా ఇంత బాధ ఉండేది కాదు," అని తెల్లకాగితం ఒకటి అడిగి తీసుకుని, దాని మీద నాలుగో అభ్యంతరం రాశారట. 'ఎవరూ చదవని చోట, ఎవరూ ఎదురు వాదించని చోట, ఈ శాఖ ఉన్నా లేకపోయినా ఒకటే.' దాని కింద 'జవాబు' అని రాసి, గీత గీసి, కలం పట్టుకుని కూర్చున్నారు. ఇరవై రెండేళ్ళలో ఆ గీత కింద ఏమీ రాకపోవడం మా వదిన చూడటం అదే మొదలు. నెలైంది, ఇంకా అలాగే ఉంది కాగితం.

పిచ్చి మనిషి! అక్కడ ఏం రాస్తేనేం? ఎలాగూ అక్కడిదాకా ఎవరొస్తారు?