స్ఫుమాటో అన్నాడు ప్రొఫెసరు

చర్చిలో పీఠం పైనున్న పటంలో మరియమాత నవ్వుతోందా, లేదా? పెళ్లయి ఆ ఊరికి కాపురానికి వచ్చిన నాటి నుంచీ జెలిండాను ఈ సందేహం వదల్లేదు. ఎండ పడితే నవ్వినట్టే ఉంటుంది. మొగుడితో పోట్లాడి వెళ్లిన రోజున మూతి బిగించినట్టు ఉంటుంది.

నవ్వినా నవ్వకపోయినా మొక్కు మొక్కే. కూతురి కాన్పు కష్టమైనప్పుడు మూరెడు కొవ్వొత్తి వెలిగిస్తానని మొక్కుకుంది. అప్పుడు పుట్టిన మనవరాలు ఇప్పుడు స్కూటరు నడుపుతోంది. ఇక ఆగకూడదని ఆ ఉదయం కొవ్వొత్తి చంకన పెట్టుకుని చర్చికి బయలుదేరింది. గుమ్మంలోనే డాన్ అల్దెమీరో ఫాదరు ఆపాడు.

"ఇవాళ కొవ్వొత్తులు వద్దమ్మా. ఫ్లోరెన్స్ నుంచి ప్రొఫెసరుగారు వచ్చారు. ఈ చిత్రం అయిదు వందల ఏళ్ల నాటి లెయొనార్డో చేతి పనో కాదో తేలుస్తారట."

"తేలిస్తే ఏమవుతుంది ఫాదర్?"

"ఆయనదే అయితే భద్రపరచాలని ఫ్లోరెన్స్ పట్టుకుపోతారు."

జెలిండా చంకలోని కొవ్వొత్తి వంక చూసుకుంది. అక్కడ టికెట్టు కొని, అద్దానికి ఇవతల నిలబడి మొక్కు చెల్లించాలా? అగ్గిపుల్ల గీస్తే పోలీసులు రారూ?

మేయరు రుజ్జేరోకు ఆ దిగులు లేదు. చిత్రం పోయినా పేరు మిగులుతుందని ఆయన లెక్క. అప్పుడే చౌకులో "లెయొనార్డో ఊరికి స్వాగతం" అని బ్యానరు కట్టించి, బ్యాండును పిలిపించి, పంది రోస్టుకు పురమాయించాడు.

లోపల ప్రొఫెసరు నిచ్చెన మీద నిలబడి, భూతద్దంలోంచి అమ్మ పెదవి చివర చూస్తూ పరవశంగా అరిచాడు. "స్ఫుమాటో!"

పండితుల భాషలో అది గీత కనబడకుండా రంగును పొగలా కరిగించే లెయొనార్డో విద్య. ఊళ్లోవాళ్లకు మాత్రం కుదిరిన సంబంధం చెడితే స్ఫుమాటో, వానకు ఊరేగింపు ఆగిపోతే స్ఫుమాటో. అంతా పొగైపోయిందని అర్థం.

ఇక అమ్మ ఊళ్లోనే ఉంటుందని జెలిండా పరుగున ఒరెస్టే కాఫీ కొట్టుకు వెళ్లింది.

"స్ఫుమాటో అన్నాడయ్యా! నా చెవులతో విన్నాను!"

"అంత సంబరంగా చెబుతావేంటి వదినా? గడ్డంతో సహా లెయొనార్డో బొమ్మ వేయించి రెండు ట్రేల కేకులు చేయించాను!"

"గడ్డం గీకేసి అమ్ము. కింద మామూలు కేకేగా!"

ఒరెస్టే వెళ్లి బ్యానరు ఊడదీశాడు. అది చూసి బ్యాండువాళ్లు బాకాలు సర్దుకున్నారు. బ్యాండు వెళ్లిపోతుంటే చూసి వంటవాడు మేయరుగారి పంది రోస్టును ముక్కలుగా కోసి అమ్మకానికి పెట్టాడు. ఊరి ఆడవాళ్లు మాత్రం, పాపం తల్లి చిన్నబుచ్చుకుని ఉంటుందని, తలో కొవ్వొత్తీ తీసుకుని చర్చి మీద పడ్డారు. ఫాదరు ఎవరినని ఆపగలడు?

"బాధపడకు తల్లీ! లెయొనార్డో గీయకపోతే నువ్వు మా తల్లివి కాకుండా పోతావా?" అని పటాన్ని ఓదార్చారు.

ఫ్లోరెన్స్‌కు ఫోన్లో శుభవార్త చెప్పి ప్రొఫెసరు తిరిగొచ్చేసరికి చర్చి నిండా పొగ. వెనకాలే మేయరు ఊడిపడ్డాడు.

"ఏమయ్యా, ఊరి పరువు తీశావు! స్ఫుమాటో అన్నావట!"

"అన్నాను! అంటే ఆయనదేనని!"

"పొగైపోయిందంటే ఆయనదేనా? ఫ్లోరెన్స్‌లో మాటలు తిరగేసి వాడతారా?"

"నిచ్చెనెక్కండి, చూపిస్తాను! పెదవి చివర ఆ నీడ చూడండి. ప్రపంచంలో ఒక్క చెయ్యే వేయగలదు. అయ్యో, ఈ కొవ్వొత్తుల మసి పట్టినట్టుందే!"

తడి దూదితో మెల్లగా అద్దాడు. దూది నల్లబడింది. మళ్లీ అద్దాడు. ఈసారి మసితోపాటు నీడా వచ్చేసింది. దాని అడుగు నుంచి, కొట్టు బోర్డులు రాసేవాడెవడో గీసినట్టు, లావుపాటి గీత ఒకటి అడ్డంగా తేలింది. తరతరాల కొవ్వొత్తులు వేసిన నీడ అది. అమ్మ ఎన్నడూ నవ్వలేదు.

ప్రొఫెసరు దూదిని చూశాడు, పెదవిని చూశాడు.

"స్ఫుమాటో," అన్నాడు నీరసంగా. ఈసారి ఊరి అర్థంలోనే.

మేయరు బ్యాండును తిట్టడానికి పోయాడు. ప్రొఫెసరు బస్సు వెతుక్కుంటూ పోయాడు. అందరూ వెళ్లాక జెలిండా మూరెడు కొవ్వొత్తిని పీఠం ముందు నిలబెట్టి వెలిగించింది.

"ఆలస్యమైంది తల్లీ, ఏమీ అనుకోకు."

పొగ సన్నగా పైకి లేచి పెదవి దగ్గర ఆగింది. ఆ నవ్వు మళ్లీ రావడానికి అయిదు వందల ఏళ్లు పట్టవచ్చు. పని మాత్రం మొదలైంది.