వాసన పట్టిన యంత్రం

ఆ ఆదివారం సైదయ్య అనుకున్న పని చిన్నదే. గరిడేపల్లి నుంచి సూర్యాపేట వెళ్లి కాలేజీ మైదానంలో సైన్యం పెట్టిన ప్రదర్శన చూడాలి. అటునుంచటే భార్య లక్ష్మీనర్సమ్మతో మిర్యాలగూడ బస్సెక్కి, కూతురు లతకు మామిడికాయ తొక్కు ఇచ్చి రావాలి.

అందరూ ఫిరంగి దగ్గర ఫొటోలు దిగుతుంటే సైదయ్య మాత్రం మేకపిల్లంత యంత్రం ముందు నిలబడిపోయాడు. ఎవరూ నడపకుండా తానే దారి వెతుక్కుంటూ, నేలలో దాచిన మందుపాతరలను వాసనతో కనిపెడుతోంది. సైన్యంలో ఉన్నప్పుడు ఆ పని ఆయన ఇనుప చువ్వ పట్టుకుని, పాకుతూ చేశాడు. ఎడమకాలి రెండు వేళ్లు ఆ పనిలోనే పోయాయి. పక్కన పాకిన స్నేహితుడు సోమన్న తిరిగి రాలేదు.

"గిది అప్పుడుంటే మా సోమన్న బతికెటోడు," అన్నాడు, పక్కనున్న భార్యతో.

అంతలో యంత్రం జనం వైపు తిరిగింది. నేరుగా వచ్చి లక్ష్మీనర్సమ్మ సంచి ముందు ఆగి, ఎర్రలైటు వెలిగించింది.

"అందరు పండుకోండ్రి!" అని అరిచాడు సైదయ్య. మైదానమంతా బోర్లా పడింది. ముఖ్య అతిథి బజ్జీల బండి కింద దూరాడు.

"అది తొక్కుసీసనయ్యా!" అంది లక్ష్మీనర్సమ్మ, నిలబడే.

"మిషిన్ అబద్దం సెప్పదే."

"అంటే నేను సెప్తున్ననా? ముప్పయ్యేండ్ల సంసారమయ్యా!"

సైదయ్య ఆమెను వెనక్కి లాగి, సంచికీ ఆమెకీ మధ్య తాను నిలబడ్డాడు.

పావుగంటలో కబురు బస్టాండుకు చేరింది. కోదాడ బస్సులు ఆగిపోయాయి. మిర్యాలగూడ నుంచి లత ఫోన్ చేసి ఏడ్చింది: "బాపూ, అమ్మను మిలిట్రోళ్లు పట్టుకపోయిండ్రంట గదా!"

ప్రదర్శన చూపిస్తున్న మేజర్ అనూష సైగ చేయగానే యంత్రం ఇనుప చేత్తో సంచి ఖాళీ చేసింది. తొక్కు సీసా, సకినాలు, ఒక చీర. జనం దుమ్ము దులుపుకుని నవ్వారు. లక్ష్మీనర్సమ్మ తల ఎత్తింది. యంత్రం మాత్రం ఖాళీ సంచి ముందు నుంచి కదల్లేదు.

"ఇది ఊరికే ఆగదు," అంది మేజర్. "వాసన చెప్పడం దీని పని, సంగతి తేల్చడం మన పని. ఈ సంచిలో ఇంతకుముందు ఏం మోశారు?"

సైదయ్య ముఖం పాలిపోయింది. "పోయిన నెల బాయిల బండ పేల్చెతందుకు మందు తూటాలు... గిండ్లనే మోసిన మేడం."

"రెండుసార్లు ఉతికిన," అంది లక్ష్మీనర్సమ్మ.

"అయినా పట్టేసింది చూశారా!" మేజర్ మురిసిపోయింది. సైదయ్య కూడా మురిసిపోయాడు, భార్య వైపు చూసేదాకా.

సాయంత్రం మిర్యాలగూడ బస్సులో ఒకటే సీటు ఖాళీగా ఉంది. ఎవరూ చెప్పకుండానే సైదయ్య నిలబడ్డాడు.