నిన్నటి మీసం

ఆ ఉదయం నిదానం వేసుకున్న పథకం చాలా చిన్నది. పెందలాడే లేవాలి, బాగుచెయ్యడానికిచ్చిన ఫోను తెచ్చుకోవాలి, సెలూన్ తెరిచి వచ్చిన తలలకు న్యాయం చెయ్యాలి, మధ్యాహ్నం ఇంటికొచ్చి ఓ కునుకు తియ్యాలి. అంతే. నిదానం అతని అసలు పేరు కాదు. కుర్చీలో కూర్చున్నవాళ్ళు "కాస్త త్వరగా కానివ్వండి" అన్నప్పుడల్లా "నిదానం, నిదానం" అనేవాడు కనుక వీధి మొత్తం ఏకగ్రీవంగా ఆ పేరు ఖాయం చేసింది.

కొద్ది రోజులుగా అతణ్ణి ఓ టీవీ సీరియల్ పట్టుకుంది. అందులో హీరోకి ఒకే మంగళవారం మళ్ళీ మళ్ళీ తెల్లవారుతుంటుంది. ఆ రోజు చేసిన తప్పులన్నీ దిద్దుకుంటే తప్ప బుధవారం రాదు. అది చూసినప్పటి నుంచి నిదానానికి ఓ ప్రశ్న బుర్ర తొలిచేస్తోంది. వచ్చినవాళ్ళందర్నీ "మీకు నిన్నటి రోజు మళ్ళీ ఇచ్చేస్తే ఏం మార్చుకుంటారు?" అని అడిగేవాడు. గొంతు మీద కత్తి ఉండగా అడిగే ప్రశ్న గనక అందరూ నిజమే చెప్పేవారు. ఒకాయన సైకిలు అమ్మేసేవాణ్ణి కాదన్నాడు. ఇంకొకాయన చాలాసేపు ఆలోచించి, నిన్న ఈ సెలూన్‌కే వచ్చి ఉంటే ఇవాళ ఈ ప్రశ్న తప్పేదన్నాడు.

అడగడమే తప్ప, తన నిన్నటి గురించి తలుచుకోవడం నిదానానికి ఇష్టం లేదు. నిన్న రెండు పొరపాట్లు చేశాడు మరి.

మొదటిది ఇంట్లో. అతని భార్య బట్టలు కుట్టే కంపెనీలో గుడ్డ కత్తిరిస్తుంది. పక్క ఊళ్ళో కొత్త శాఖ పెడుతున్నారు, అక్కడి కటింగ్ విభాగం మొత్తం నువ్వే చూసుకోమన్నారు ఆవిణ్ణి. పొద్దున బస్సెక్కితే చీకటి పడ్డాకే ఇల్లు. "ఇంతకీ ఏమంటారు?" అని ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి అడిగింది. నిదానం ఫోన్లో సీరియల్ మీంచి కళ్ళెత్తకుండా "నీ ఇష్టం" అన్నాడు. మొగుళ్ళ భాషలో 'నీ ఇష్టం' అంటే 'నాకిష్టం లేదు' అని ఆవిడకు తెలుసు. లోపలికి వెళ్ళిపోయింది.

రెండోది సెలూన్లో. పొట్టేలు కొమ్ముల్లాంటి మీసాలున్న పెద్దమనిషి ఒకడొచ్చి, చివర్లు కాస్త సరిచెయ్యమన్నాడు. నిదానం ఫోను అద్దానికి ఆనించుకుని, ఓ కన్ను సీరియల్ మీదా ఓ కన్ను మీసం మీదా పెట్టి కత్తెర ఆడించాడు. హీరో మేడ మీంచి దూకాడు. ఎడమ మీసం కింద పడింది. కుడిదాన్ని దానికి సరిచెయ్యబోయి, ఎడమదాన్ని మళ్ళీ దీనికి సరిచేసి, చివరికి పెన్సిలు గీతంత మిగిల్చాడు. అందులోనూ ఎడమవైపు గోరంత పొట్టి. "ఏం చేశావయ్యా! ఈ మీసం నా ఒక్కడిది కాదు!" అని ఆ పెద్దమనిషి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆ కంగారులో ఫోను కాస్తా నీళ్ళ తొట్టిలో మునిగింది.

ఇదీ నిన్నటి సంగతి. ఇవాళ నిదానం చెప్పులేసుకుంటుంటే, వెనక నుంచి వినబడింది.

"ఇంతకీ ఏమంటారు?"

తిరిగి చూశాడు. అదే గుమ్మం, అదే భార్య, చేతిలో అదే గరిటె. "సా... సాయంత్రం చెబుతా" అని బయటపడ్డాడు.

ఫోన్ల దుకాణానికి, నిన్న ఫోను ఇవ్వడానికి వెళ్ళి కాచుకున్నప్పటిలాగే తాళం, నిన్నటిలాగే 'ఇప్పుడే వస్తాను' అన్న అట్టముక్క. సెలూన్లో రెండో కుర్చీ చూసుకునే బామ్మర్ది నిన్నటి గళ్ళ చొక్కాలోనే కూర్చుని పేపరు చదువుతున్నాడు. "వచ్చే నెలలోగా రోడ్డు మీద గుంతలన్నీ పూడ్చేస్తారట బావా!" అన్నాడు. ఈ మాట నిన్నా అన్నాడు. నిదానం మెల్లగా గోడకున్న క్యాలెండరు వంక చూశాడు. మంగళవారం.

"ఒరే, ఈ చొక్కా..." అంటూ దగ్గరికెళ్ళి కాలరు పట్టుకుని వాసన చూశాడు.

"ఏంటి బావా?"

"ఏం లేదు. నీ తప్పేం లేదులే."

అప్పుడు తలుపు తోసుకుని లోపలికొచ్చాయి, పొట్టేలు కొమ్ముల్లాంటి మీసాలు. వాటి వెనక నిన్నటి పెద్దమనిషి.

నిన్న ఆ సమయానికి బామ్మర్ది పళ్ళ డాక్టరు దగ్గరున్నాడు. కనక అతనికి ఇందులో వింతేమీ కనబడలేదు. నిదానం మాత్రం భయపడి కుర్చీ వెనక్కి జరిగాడు. ఒక్క పూటలో ఎవడికైనా గడ్డం మాస్తుందేమో గానీ, ఈ మీసం మొలవాలంటే ఏడాది పట్టదూ?

పెద్దమనిషి కుర్చీలో కూర్చుని, చుట్టూ చూసి, గొంతు తగ్గించి చెప్పాడు. "సన్నగా చెయ్యాలి. గీత గీసినట్టుండాలి. ఎడమవైపు మాత్రం గోరంత పొట్టిగా ఉండాలి."

నిదానం చేతిలో దువ్వెన జారిపోయింది. "మీరు నిన్న ఇక్కడికొచ్చారా?"

"నేనా? లేదే! ఈ వీధి మొహమే చూడలేదు!"

"పోనీ, మీకు కవల అన్నదమ్ములెవరైనా..."

"కవలలా!" ఆయన కుర్చీలోంచి లేచినంత పని చేశాడు. "మా అమ్మకు నేనొక్కణ్ణే! మీకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు కదా?"

ఇక అనుమానం లేదు. నిన్న మళ్ళీ వచ్చింది. నిదానానికి భయం పోయి, దాని స్థానంలో చిన్నపిల్లాడి కుతూహలం పుట్టుకొచ్చింది. ఇన్నాళ్ళూ ఊరందర్నీ అడిగిన ప్రశ్న ఇప్పుడు కాలం తనను అడుగుతోంది. జవాబు తెలిసినవాడిలా ఛాతీ విరుచుకుని, కత్తెర జేబులో పెట్టేసుకున్నాడు.

"మీ మీసం ముట్టుకోను."

"అదేంటయ్యా! బాబ్బాబు, సాయంత్రంలోగా ఇది తగ్గకపోతే మా బతుకు బజారున పడుతుంది!"

"మీకు తెలీదు. తీసేశాక ఏడుస్తారు. నేను చూశాను."

"ఏం చూశారు?"

"మీ ఏడుపు."

బామ్మర్దికి ఇదేం బేరమో అర్థం కాలేదు. "పోనీ నేను చేస్తా, ఇటు రండి" అని తన కత్తెర తీశాడు. నిదానం అది కూడా లాక్కుని రెండో జేబులో వేసుకున్నాడు. "ఒరే, ఆ మీసానికి నువ్వే కాపలా. నేను దిద్దుకోవాల్సింది ఇంకోటుంది!" అని, తెల్ల ఏప్రన్ విప్పకుండానే రోడ్డెక్కి పరుగందుకున్నాడు. జీవితంలో అతను పరిగెత్తగా వీధి చూడటం అదే మొదలు.

బట్టల కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్, ఏప్రనూ రెండు జేబుల్లో రెండు కత్తెరలూ చూసి, కటింగ్ విభాగానికి కొత్తగా వచ్చిన మనిషనుకుని సలాము చేసి వదిలేశాడు. లోపల పొడుగాటి బల్లలు, కొండల్లా పేర్చిన గుడ్డల తానులు, మోత పెట్టే మిషన్లు. చివర గాజు గదిలో మేనేజరమ్మ ముందు అతని భార్య చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"ఇవాళైనా చెబుతానన్నావు కదమ్మా" అంటోంది మేనేజరమ్మ.

"ఏమనుకోకండి మేడమ్. ఇంట్లో కాస్త..."

తలుపు ధడాలున తెరుచుకుంది. "వెళ్తుంది!" అన్నాడు నిదానం రొప్పుతూ. "మా ఆవిడ వెళ్తుంది! 'నీ ఇష్టం' అంటే నిజంగా తన ఇష్టమే!"

భార్య నోరు తెరిచింది. "ఏవండీ, మీరు నిన్న..."

"నిన్న అనేది ఇంకా అవ్వలేదే! అసలు నిన్నంటేనే ఇవాళ!" అతను మేనేజరమ్మ వైపు తిరిగాడు. "వంట నేను చేస్తాను. బట్టలు నేనే ఉతుకుతాను. బస్సు దగ్గరికి రోజూ నేనే వచ్చి తీసుకెళ్తాను." సీరియల్లో హీరో కూడా ఇలాగే ఉదారంగా మాటలిస్తాడు. వాటిని నిలబెట్టుకోవడం మాత్రం ఏ ఎపిసోడ్‌లోనూ చూపించలేదు.

మిషన్లు ఆగిపోయాయి. గాజు గోడకు అవతల ఆడవాళ్ళందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కొందరు తమ మొగుళ్ళకు వినిపించాలని ఫోన్లు కలిపారు. మేనేజరమ్మ ముచ్చటపడి, అప్పటికప్పుడే పై ఆఫీసుకు కబురు పంపించేసింది. భార్య మాత్రం పక్కకెళ్ళి తమ్ముడికి ఫోను చేసింది.

"ఒరే, బావకేమైందిరా?"

"తెలీదక్కా. పొద్దున నా చొక్కా వాసన చూశాడు. కత్తెరలన్నీ పట్టుకుపోయాడు. నన్నిక్కడ ఓ మీసానికి కాపలా పెట్టాడు. నువ్వు తొందరగా రా, ఇక్కడ అవి రెండయ్యాయి!"

ఆవిడ మొగుడి మణికట్టు పట్టుకుని, నాడి చూస్తున్నట్టే చూస్తూ, సెలూన్ దాకా నడిపించుకొచ్చింది. తలుపు తీసిన నిదానం గుమ్మంలోనే నిలబడిపోయాడు. లోపల బెంచీ మీద ఇద్దరు పెద్దమనుషులు కూర్చున్నారు. ఒకే ముక్కు, ఒకే బట్టతల, ఒకే బెంగ. ఒకరికి పెన్సిలు గీత, ఇంకొకరికి పొట్టేలు కొమ్ములు. నిన్నా ఇవాళా పక్కపక్కన కూర్చుని తనవైపే కోపంగా చూస్తున్నాయి.

"మేం కవలలమయ్యా, కవలలం!" అన్నాడు గీత మీసం. "ఇంద్రజాలం మా వృత్తి. నేను వేదిక మీద ఓ పెట్టెలో దూరి మాయమవుతాను, మా తమ్ముడు హాలు చివర ఇంకో పెట్టెలోంచి లేస్తాడు. ఇద్దరమున్నామని లోకానికి తెలిస్తే ఆట కట్టు. నువ్వేమో నాది పాడుచేశావు, వాడిది బాగుచెయ్యనన్నావు. ఇవాళ సాయంత్రమే ఆట!"

నిదానం కుర్చీలో కూలబడ్డాడు. "మరి క్యాలెండరు?"

"చింపడం మర్చిపోయా బావా" అన్నాడు బామ్మర్ది.

"చొక్కా?"

"మిగతావి ఆరలేదు."

అంటే ఇవాళ బుధవారం. అంటే అక్కడ గాజు గదిలో తను అన్నవన్నీ అన్నట్టే. వంట, బట్టలు, బస్సు స్టాపు. నిదానానికి నిజంగానే ఒళ్ళు వేడెక్కింది. భార్య అతనికెదురుగా వచ్చి నిలబడింది. ఆవిడ గొంతులో కోపం లేదు, తెలుసుకోవాలన్న ఆత్రమే ఉంది.

"ఒక్కటి చెప్పండి. నిన్న మీరన్న మాటకి పొద్దున వద్దని చెప్పేద్దామనుకున్నాను. గుండె రాయి చేసుకుని వెళ్ళాను కూడా. ఇప్పుడు ఫోను చేస్తే ఆపొచ్చు. మీరందరి ముందూ అన్నది మనస్ఫూర్తిగా అన్నారా, జ్వరంలో అన్నారా?"

తప్పించుకునే దారి ఆవిడే చూపించింది. జ్వరం అన్న ఒక్క మాట చాలు. నిదానం ఆవిడ కుడిచేతి వంక చూశాడు. ఏళ్ళ తరబడి పెద్ద కత్తెర పట్టి బొటనవేలి మొదట్లో కాయకట్టిన చెయ్యి. తన చేతికీ అక్కడే కాయ ఉంది. తను కత్తెర పట్టిన చోట తనే యజమాని. ఆవిడ ఇన్నేళ్ళుగా ఎవరో గీసిన గీత మీద కత్తిరిస్తోంది.

"నిన్న అన్నదే జ్వరంలో అన్నాను" అన్నాడు.

ఆవిడ మొహం తిప్పుకుని, కొంగుతో అద్దం మీద లేని మరకేదో తుడిచింది. "అయితే పప్పులో ఉప్పెప్పుడెయ్యాలో నేర్చుకోండి" అంది.

"ఆ తుడుపులూ నేర్చుకోడాలూ తర్వాత! ముందు మా సంగతి చూడండి!" అన్నారు కవలలు ఒకే గొంతుతో.

నిదానం లేచి చేతులు కడుక్కుని కత్తెర తీశాడు. ఫోను లేదు, సీరియల్ లేదు, రెండు కళ్ళూ మీసం మీదే. ఊపిరి బిగబట్టి, అన్నని ఎదురుగా నిలబెట్టుకుని, చూస్తూ చూస్తూ తమ్ముడికి సన్నటి గీత తీశాడు. పక్కకు జరిగాడు. అందరూ అద్దంలోకి చూశారు. తమ్ముడి మీసం రెండు వైపులా వెంట్రుక వాసి తేడా లేకుండా సమంగా ఉంది. పుట్టి బుద్ధెరిగాక నిదానం చేతిలో రెండు వైపులూ సమానంగా రావడం అదే మొదటిసారి.

"ఎడమవైపు పొట్టిగా అన్నాం కదయ్యా!" అన్నాడు అన్న ఏడుపు గొంతుతో.

"నిదానం, నిదానం" అంటూ తమ్ముడి ఎడమవైపు కొంచెం తగ్గించాడు. అది మరీ తగ్గింది. దానికి సరిపడేలా అన్నది కొంచెం తగ్గించాడు. అది ఇంకాస్త తగ్గింది. బామ్మర్ది కూడా ఓ చెయ్యి వేశాడు. కాసేపటికి ఇద్దరి పెదాల మీదా తగ్గించడానికి ఏమీ మిగల్లేదు. ఇప్పుడు మాత్రం ఎవరు ఎవరో కన్నతల్లి కూడా చెప్పలేదు.

ఆ సాయంత్రం, హాలు బయట పోస్టరు మీదున్న ఆ మీసాలు లేకుండా ఇంద్రజాలికుడు వేదిక మీదికి రాగానే, ఆట మొదలైపోయిందనుకుని జనం చప్పట్లు కొట్టారు.